ఖమ్మంలో సర్వరు, పినపాకలో కుర్చీ

ఖానాపురం హవేలి, ఖమ్మం
నవంబరు 14, 2025

ప్రియమైన శ్యామలకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నీకు ఫోన్ చేస్తే "హలో" దాకా ఉంటావు, ఆ తర్వాత సిగ్నల్‌తో సహా అడవిలోకి మాయమవుతావు. ఆఫీసు ఫోన్లో మాట్లాడదామంటే ఇక్కడ గదిలో అందరి చెవులూ నా వైపే తిరుగుతాయి. మన సంఘం వ్యాను వారం వారం మీ పినపాక కేంద్రానికి వస్తూనే ఉంది కదా. డ్రైవర్ జంపయ్యన్న టపా సంచిలో మన కబుర్లు కూడా మోస్తాడులే. డిగ్రీ సెలవుల్లో రాసుకున్నట్టే రాసుకుందాం.

మీ కంప్యూటర్ మళ్లీ చచ్చిపోయిందని నువ్వు పంపిన కబురు మన కార్యదర్శి వెంకటరామారావు గారికి బాగా కోపం తెప్పించింది. "చింతపండు, తేనె, ఇప్పపువ్వు కొనటానికి సంఘం పెట్టామా, కంప్యూటర్లకు వైద్యం చేయించటానికి పెట్టామా?" అని రోజంతా గొణుగుడు. పినపాకలో కంప్యూటర్ ఎత్తేసి, చేత్తో రాసిన చీటీలు వ్యానులో తెప్పించుకుని, లెక్కలు ఖమ్మంలోనే ఎక్కిద్దామని తేల్చారు. అంటే నీ కుర్చీ ఇక్కడికి వస్తుంది, దానితో పాటు నువ్వూ వస్తావు.

నేనే అడ్డుపడి ఇంకో దారి చెప్పాను. నాకిప్పుడు సిస్టమ్స్ ఇన్‌చార్జి అని బోర్డు పెట్టారులే, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం వచ్చినందుకు దక్కిన పదవి. ఖమ్మంలో ఒక గట్టి సర్వరు పెడతాం. కొనుగోలు సాఫ్ట్‌వేర్ అంతా అందులోనే ఉంటుంది. మీరు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా అందులోకి వచ్చి పని చేసుకుంటారు. ఖమ్మంలో నీకంటూ ఒక డెస్క్‌టాప్ ఉందనుకో, దాని బొమ్మ నీ టేబుల్ మీద కనబడుతుంది, పని మాత్రం ఇక్కడ జరుగుతుంది. అంతే. ఈసారికి బాగు చేయించి పంపే మీ ముసలి కంప్యూటరూ, మీ నత్తనడక నెట్టూ దానికి సరిపోతాయి.

ఆయన సగమే నమ్మారు. "మేడారం జాతర దాకా చూద్దాం. నడిస్తే పినపాకలో సీటు ఉంటుంది. నడవకపోతే ఆ అమ్మాయి ఖమ్మం వచ్చేస్తుంది" అన్నారు.

ఎటు తిరిగినా నీకు మంచిదే కదా! అసలు మాట చెప్పనా? పెట్టేదాన్ని నేనే అయినా, ఇది నడవకూడదని లోపల్లోపల కోరుకుంటున్నాను. మా వీధిలో రెండు గదుల వాటా ఖాళీ అవుతోంది, కిరాయి కూడా మాట్లాడి పెట్టాను. మళ్లీ హాస్టల్ రోజుల్లా ఒక గదిలో ఉందాం. నాన్నా వాళ్లు కారేపల్లిలో పొలం వదిలి రారు, నేనిక్కడ ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తింటున్నాను. జల్దీ జవాబు రాయి.

నీ
సాహిత్య

●

పినపాక
నవంబరు 23

సాహిత్యకు,

నీ ఉత్తరం, దానితో పాటు నువ్వు పంపిన సూచనల కాగితం అందాయి. కాగితంలో ఉన్నట్టే చేశాను. పేరు కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను. పెద్దక్షరం కావాలి, అంకె కావాలి, ఒక గుర్తు కావాలి అని అది అడిగినంత కట్నం పెళ్లిలో కూడా ఎవరూ అడగరు. చివరికి ఒప్పుకుంది. ఒక్క క్షణం నల్లగా అయి, ఖమ్మం కంప్యూటర్ నా ముందుకు వచ్చింది. ఆశ్చర్యంగానే ఉంది. పాతది పావుగంట తీసుకునే పని ఇది చిటికెలో చేస్తోంది.

ఇది నడవాలి సాహిత్యా. నువ్వు నడవకూడదని కోరుకుంటున్నావు గానీ, నేను నడవాలని కోరుకుంటున్నాను. నాకు ఖమ్మం రావాలని లేదు.

నీ మీద ప్రేమ లేక కాదు. నా పని ఏమిటో నీకు సరిగా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. మా గూడేలలో కొత్తల పండుగ చేసుకోనిదే ఎవరూ కొత్త చింతపండు ముట్టుకోరు. అన్ని గూడేలూ ఒకే రోజు చేసుకోవు. పెద్దలు కూర్చుని అనుకున్నప్పుడే. ఏ గూడెంలో పండుగ అయింది, ఏ గూడెంలో ఎందుకు ఆగింది అన్నది సంతలోనో, కాంటా దగ్గరో, నీళ్లకు వెళ్లినప్పుడో మాటల్లో తెలుస్తుంది. అది తెలిస్తేనే వ్యాను ఎటు పంపాలో తెలుస్తుంది. పోయిన ఏడు నేను సెలవులో ఉంటే ఖమ్మం నుంచి తేదీ వేసి వ్యాను పంపేశారు. పండుగ కాని గూడెం ముందు అది నిలబడి హారన్ కొట్టింది. పాపం జంపయ్యన్న తప్పేమీ లేదు. కానీ ఆ గూడెం వాళ్లు ఆ ఏడంతా సరుకు బయటి వ్యాపారికే ఇచ్చారు.

తూకం వేశాక బరువెంతో మా గూడేల భాషలో గట్టిగా చెప్పాలి. చీటీ చదివి వినిపించాలి. మొన్న ఖమ్మం మాట చెబితే భీమక్క ఒకటే అన్నది, "గక్కడ ఎవరున్నరే మా మాట ఇనేటోళ్లు? కాయితం మాట్లాడ్తదా?" అని. మా ఊరి వైపు తేనె తీసేవాళ్లలో ఆమె మాటే మాట.

ఇక్కడే పుట్టాను. ఇక్కడ కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటున్న మొదటిదాన్ని కూడా నేనే. నాకు ఇక్కడే బాగుంది. వాటా మాటకు కోపం తెచ్చుకోకు.

శ్యామల

●

ఖమ్మం
డిసెంబరు 3

శ్యామలకు,

నీ ఉత్తరం అందింది. వాటా వద్దని ఇంటివాళ్లకు చెప్పేశాను.

పని సంగతులు. పినపాకలో నువ్వు ప్రింట్ కొడుతున్న చీటీలు ఇక్కడ ఖమ్మంలో వస్తున్నాయి. నిన్న కార్యదర్శి గారి గది ప్రింటర్ దానంతటదే మొదలై భీమక్క పేరుతో చీటీలు కక్కింది. "ఎవరమ్మా ఈ భీమక్క? నాకెందుకు తేనె అమ్మింది?" అని ఆయన నన్ను పిలిపించారు. దీనితో పంపిన కాగితంలో ఉన్నట్టు, లోపలికి రాకముందు "ప్రింటర్లు" అన్న గడిలో టిక్కు పెట్టు. అప్పుడు నీ చీటీ నీ దగ్గరే వస్తుంది.

కారేపల్లి కేంద్రం అనిల్‌కుమార్ గారిని కూడా సర్వరులోకి ఎక్కించాను. మన పాత కొనుగోలు సాఫ్ట్‌వేర్ మొండిది, మామూలు హక్కులతో తెరుచుకోనంది. అందరికీ పూర్తి హక్కులు ఇచ్చేశాను, ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు.

అంతే. ఇంకేమీ లేదు.

సాహిత్య

తా.క. కోపం లేదు. ఉంది, కొంచెం. నువ్వు రాసినదాంట్లో తప్పేమీ దొరకలేదు, అందుకు ఇంకొంచెం.

●

పినపాక
డిసెంబరు 12

కోపం కొంచెమే ఉన్న సాహిత్యకు,

కొంచెమే అన్నావు గానీ ఉత్తరం నిండా కారమే. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అందుకని టపా సంచిలో ఒక తేనె సీసా పెట్టించాను, భీమక్క వాళ్లు తీసింది. జంపయ్యన్న దారిలో మూత తీయకుండా చూడాల్సిన పూచీ నాది కాదు.

నువ్వు చెప్పిన టిక్కు పెట్టాను. చీటీ నా దగ్గరే వచ్చింది! మిషన్ గుర్రుమని తన పేరున్న కాగితం బయటకు తోస్తుంటే భీమక్క వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వచ్చి చూసింది. "ఇది ఖమ్మం పోయొచ్చిందా?" అని అడిగింది. పోయి వచ్చిందన్నాను. "బస్సు కిరాయి ఎవరిచ్చిండ్రు?" అన్నది. కాంటా దగ్గరున్న వాళ్లంతా పడి పడి నవ్వారు.

సాహిత్యా, నేను చాలా సంతోషంగా ఉన్నాను, అది నీ వల్ల. ఇదివరకు సగం రోజు కంప్యూటర్‌ను బతిమాలడానికే పోయేది. ఇప్పుడు ఆడవాళ్లను ఎండలో నిలబెట్టడం లేదు. నేను రానన్నానని నువ్వు నొచ్చుకున్నావు, అయినా నడిచేలా చేస్తున్నావు. ఇదొక్కటి చాలు నాకు.

అన్నం సరిగా తిను. ఒక్కదాన్నే కదా అని పెరుగుతో సరిపెట్టకు.

నీ శ్యామల

●

ఖమ్మం
జనవరి 10, 2026

శ్యామూ,

తేనె అయిపోయింది, కోపం కూడా అయిపోయింది. కానీ ఇప్పుడు వేరే చిక్కు వచ్చి పడింది.

సాయంత్రం అయ్యేసరికి సర్వరు ఆగిపోతోంది. ఆదివారం తప్ప రోజూ ఇదే వరస. నేను ఇంటికి వచ్చేసిన తర్వాత ఎప్పుడో ఆగుతుంది, పొద్దున వెళ్లేసరికి చల్లగా, నల్లగా కూర్చుని ఉంటుంది. బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. కానీ కారేపల్లిలో సరుకు ఆలస్యంగా వస్తుంది, అనిల్ గారు పొద్దుపోయేదాకా లెక్కలు ఎక్కిస్తారు. సగం ఎక్కించేసరికి తెర మాయమవుతోందట. నిన్న ఫోన్ చేసి, "సాహిత్యమ్మా, నేను ఏం పాపం చేసిన? రోజు గిట్లనే నడుమిట్ల బంద్ అయితాంది, మళ్ల మొదటికెళ్లి కొట్టాలె. నా వల్ల కాదు" అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు.

సాయంత్రం కాలనీ అంతా లైట్లు వేసేసరికి వోల్టేజి పడిపోతోందని నా అనుమానం. యూపీఎస్ మార్పించాను. తీగలు మార్పించాను. సర్వరు అమ్మినవాడు వచ్చి చూసి, తల పంకించి, టీ తాగి వెళ్లిపోయాడు. కార్యదర్శి గారు ఏమీ అనడం లేదు. ఆయన అరిస్తేనే నయం.

జాతర గడువు దగ్గరకు వచ్చింది. మొదట్లో ఏం కోరుకున్నానో నీకు తెలుసు. ఇప్పుడు అలా లేదు. ఇది నడవాలనే ఉంది నాకు, నీ కుర్చీ నీకు ఉండాలనే ఉంది. కానీ ఎందుకు ఆగుతోందో అంతు చిక్కడం లేదు.

మీ వైపు కరెంటు, నెట్టు ఎలా ఉన్నాయో రాయి. సాయంత్రం నీకేమైనా తేడా కనబడుతోందా?

సాహిత్య

●

పినపాక
జనవరి 23

సాహిత్యా,

దిగులు పడకు. నాకైతే ఒక్కనాడు కూడా ఇబ్బంది రాలేదు. అనిల్ గారి ఖమ్మం కంప్యూటర్ ఎందుకు ఆగుతోందో గానీ, నాది ఎప్పుడూ ఆగలేదు, నేను ఆపేదాకా.

మా దగ్గర పాత కంప్యూటర్లు ఎందుకు చచ్చాయో నీకు గుర్తుందా? ఆపకుండా ఇంటికి పోయేవాళ్లు, గాలికి కరెంటు వచ్చీపోయీ అవి కాలిపోయేవి. అప్పటి నుంచి నేనొక కట్టుబాటు పెట్టుకున్నాను. అన్నీ పద్ధతిగా ఆపి, చేత్తో తడిమి చూసి, అప్పుడే తాళం వేస్తాను. ముందు ప్రింటర్. ఆ తర్వాత ఖమ్మంలో ఉన్న నా కంప్యూటర్. దాని మూలన బటన్ నొక్కి, షట్‌డౌన్ కొడతాను. ఎందుకు ఆపుతున్నావని అది నన్ను అడుగుతుంది కూడా! "ముందే అనుకున్నది" అన్న కారణం ఎంచుకుంటాను. మర్యాద తెలిసిన మిషన్. బొమ్మ పూర్తిగా పోయేదాకా ఆగి, ఆఖర్న ఇక్కడిది ఆపుతాను. ఎంత తొందర పనున్నా ఇది మాత్రం మానలేదు. అది నీ దగ్గరున్నదని దాన్ని నిర్లక్ష్యం చేస్తానా?

పొద్దున నేను వచ్చేసరికి నువ్వు దాన్ని వెలిగించి పెట్టి ఉంటావు. నేను ఆపడం, నువ్వు వెలిగించడం. దూరంగా ఉన్నా ఇద్దరం ఒక ఇల్లు నడుపుతున్నట్టే ఉంది నాకు. ఈ మాట ముందే రాద్దామనుకున్నాను, నవ్వుతావని రాయలేదు.

రేపటి నుంచి కేంద్రం మూసేస్తున్నాం. ఊరు ఊరంతా మేడారం పోతోంది. అమ్మ, నేను, భీమక్క వాళ్లు అందరం ఒకే బండిలో. నీ సర్వరు కోసం కూడా తల్లులకు మొక్కుతాను, నీ ఎత్తు బెల్లం ఇస్తానని మాత్రం మొక్కను, ఈ మధ్య లావయ్యావని జంపయ్యన్న చెప్పాడు.

నీ శ్యామల

●

ఖమ్మం
ఫిబ్రవరి 2

శ్యామలా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ వైపు వచ్చిన వ్యాను అటు నుంచి అటే జాతర ట్రిప్పులకు వెళ్లిపోయింది, ఇంకా తిరిగి రాలేదు. నీ దగ్గర నుంచి జవాబూ లేదు. అందుకే ఇది పోస్టులో పంపుతున్నాను. ఇదే కవరులో ఆఫీసు ఆర్డర్ కూడా ఉంది. ముందు నా ఉత్తరం చదువు, తర్వాత అది చూడు.

జాతర వారమంతా సర్వరు ఒక్కసారి కూడా ఆగలేదు. కారేపల్లి పని చేసింది, మేం పని చేశాం, అనిల్ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. నేను సంబరంగా వెళ్లి కార్యదర్శి గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి ఒకటే అడిగారు. "ఈ వారం పని చెయ్యనిదెవరు?" అని. పినపాక అన్నాను. "పినపాక మూస్తే నడుస్తోంది, పినపాక తెరిస్తే ఆగుతోంది. నువ్వు నాకు కంప్యూటర్ పాఠం చెప్పక్కర్లేదమ్మా. ఆ లైనులోనే ఏదో ఉంది. అది తీసెయ్" అన్నారు.

లైనులో ఏముంటుందండీ అని వాదించాను, ఆయన వినలేదు. సాయంత్రానికి సంతకం అయిపోయింది. నెలాఖరులోగా నువ్వు ఖమ్మంలో చేరాలి.

ఒకప్పుడు నేను కోరుకున్నదే ఇది. చేతికి వచ్చాక ఏమాత్రం సంతోషంగా లేదు. నిన్ను గెలిపించలేకపోయాను.

సాహిత్య

●

పినపాక
ఫిబ్రవరి 6

సాహిత్యకు,

కవరు ఈ రోజే అందింది. నువ్వు చెప్పినట్టే ముందు నీ ఉత్తరం చదివాను.

ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు. తర్వాత ముఖం కడుక్కుని కాంటా దగ్గరకు వెళ్లాను.

వస్తాను. ఉద్యోగం వదులుకునే స్థితిలో లేను, అమ్మకు నేనే దిక్కు. నీ దగ్గరే ఉంటాను, నాకు కిటికీ పక్కన మంచం కావాలి, నీ గురకకు అటు తిరిగి పడుకోవాలి. నువ్వు ఓడించావని మాత్రం అనుకోకు. నువ్వు పడ్డ పాట్లు నాకు తెలుసు.

నా తర్వాత వ్యాను ఎటు పంపాలో ఎవరికైనా తెలియాలి కదా అని ఏ గూడెం పండుగ ఎప్పుడో రాసి పెడదామని కూర్చున్నాను. ఒక్క మాట రాయలేకపోయాను. ఇంకా ఎవరూ అనుకోలేదు. అనుకున్నప్పుడు నేనిక్కడ ఉండను.

భీమక్కకు చెప్పాను. "పోతవా బిడ్డా?" అన్నది. అవ్ అన్నాను. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచిగుండాలె. మాదేమున్నది, అమ్మేటోళ్లకు కొనేటోడు ఎవడో ఒకడు దొరుకుతడు" అని లేచి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శ్యామల

●

ఖమ్మం
ఫిబ్రవరి 7

ఓసి నా బంగారు తల్లీ, శ్యామలా,

పొద్దున ఫోన్లో నేను అరిచింది నీకు సగమే వినబడి ఉంటుంది. మళ్లీ రాస్తున్నాను. ఖమ్మం రావొద్దు! ఆర్డర్ రద్దు!

నిన్న సాయంత్రం జంపయ్యన్న జాతర నుంచి వచ్చాడు. నెత్తి నిండా ఎర్రటి దుమ్ము, చేతిలో బెల్లం ప్రసాదం, వ్యాను అద్దం దగ్గర ఇరికించిన నీ ఉత్తరం. "ఏమనుకోకు సాహిత్యమ్మా, గీ గడబిడల యాది మరిచిన" అన్నాడు. వరండాలో నిలబడే చదివాను. "ఎందుకు ఆపుతున్నావని అది నన్ను అడుగుతుంది" అన్న దగ్గర ఆగి, ఆ ముక్క మళ్లీ చదివాను. మెట్ల మీద కూర్చుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. జంపయ్యన్న భయపడి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

పిచ్చి మొద్దూ, ఖమ్మంలో నీకు వేరే కంప్యూటర్ లేదే! ఉన్నది ఒక్కటే, అందరం అందులోనే ఉంటాం. నువ్వు రోజూ సాయంత్రం పద్ధతిగా, మర్యాదగా, కారణం చెప్పి మరీ సంఘం మొత్తాన్ని ఆపి ఇంటికి పోతున్నావు. పాపం అనిల్ గారు!

కానీ తప్పు నీది కాదు. "నీకంటూ ఒక డెస్క్‌టాప్" అని రాసింది నేను. సాఫ్ట్‌వేర్ మొండికేసిందని అందరికీ పూర్తి హక్కులు ఇచ్చేసిందీ నేనే. మామూలు హక్కులతో ఉంటే ఆ షట్‌డౌన్ అన్నది నీకు కనబడనే కనబడదు. సర్వరు ఎందుకు ఆగిందో, ఎవరి పేరు మీద ఆగిందో దాని లోపలే రాసి ఉంటుంది. నేను ఒక్కనాడు తెరిచి చూడలేదు, కరెంటు తీగల వెంట పడ్డాను. ఇన్‌చార్జినట!

పొద్దున్నే కార్యదర్శి గారి దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విని, "అంటే ఇంటి మెయిన్ స్విచ్చు ఊరందరి చేతికీ ఇచ్చావన్నమాట" అన్నారు. అవునండీ అన్నాను.

"ఆ అమ్మాయి రోజూ ఆపే వెళ్లిందా? ఒక్కనాడు కూడా మర్చిపోలేదా?" అని అడిగారు.

"ఒక్కనాడు కూడా తప్పలేదండీ."

"ఇక్కడ మనవాళ్లు ఫ్యాను ఆపకుండా ఇళ్లకు పోతున్నారు. అంత శ్రద్ధ ఉన్న మనిషిని పినపాక నుంచి నేనెందుకు లాగుతున్నానమ్మా?" అని ఆర్డర్ ఫైలు తెప్పించి, అడ్డంగా గీత కొట్టి సంతకం చేశారు. ఆయన చెయ్యి అంత జల్దీ కదలడం నేను ఎప్పుడూ చూడలేదు.

అదే ఊపులో నేనూ ఒకటి అడిగేశాను. అందరి హక్కులూ సరిచేస్తాను, సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలా వేరే ఏర్పాటు చేస్తాను, ఆ తర్వాత సర్వరును ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు కదండీ, పినపాక నుంచి కూడా చూసుకోవచ్చు కదండీ, చింతపండు సీజన్ అయ్యేదాకా నన్ను అక్కడికి పంపండి, అక్కడ పని ఎలా జరుగుతుందో చూడకుండానే నేను ఇదంతా పెట్టాను అన్నాను. "మరి ఇక్కడ పెట్టె ఆగితే?" అన్నారు. "మీరే బటన్ నొక్కాలండీ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఏ బటనో చూపించమని అప్పుడే లేచి వచ్చారు.

వారంలో పని ముగించుకుని, ఆ తర్వాత వచ్చే వ్యానులో బయలుదేరుతాను. నాకు పెద్ద ఏర్పాట్లేమీ వద్దు, మీ ఇంట్లో ఏదో ఒక మూల చాలు.

సాహిత్య

●

పినపాక
ఫిబ్రవరి 13

సాహిత్యా,

ఫోన్లో "రావొద్దు" అన్నది ఒక్కటే వినబడింది. నిన్న ఉత్తరం వచ్చేదాకా, నా మీద కోపంతో నీ గదిలోకి రావొద్దంటున్నావనుకుని కుమిలిపోయాను. ఇంకోసారి ఫోన్ చేస్తే ముందు మంచి మాట, తర్వాత మిగతాది చెప్పు.

ఉత్తరం చదివాక సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత బయటకు వెళ్లి, కాంటా దగ్గర ఎవరూ లేకపోతే దానికే చెప్పాను, పోవడం లేదని. అనిల్ గారికి ఒక తేనె సీసా పంపుతున్నాను, క్షమించమని నా తరఫున నువ్వే చెప్పు, నాకు మొహం లేదు.

భీమక్క వాళ్ల గూడెంలో పెద్దలు కూర్చున్నారు. పండుగ వచ్చే వారమే. వ్యాను పంపమని ఆమె స్వయంగా వచ్చి చెప్పి వెళ్లింది. నువ్వు దానిలోనే రా. అమ్మ నీకోసం నులక మంచం బిగిస్తోంది.

నీ శ్యామల

●

పినపాక, నీ టేబుల్ దగ్గర
ఫిబ్రవరి 26

శ్యామలకు,

నువ్వు బయట వ్యాను దగ్గర ఉన్నావు, నేను నీ కుర్చీలో ఉన్నాను. పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నావు గానీ ఆ గోలలో వినబడదు. అందుకే రాసి రాజుతో పంపుతున్నాను, బస్తాలు ఎత్తే మీ రాజుతో.

పొద్దుటి నుంచి చూస్తున్నాను. నువ్వు బరువు గట్టిగా చెబుతావు, వాళ్లు తల ఊపుతారు, చీటీ చదువుతావు, చీర కొంగులో కట్టుకుంటారు, పిల్ల పెళ్లి సంగతో మేక ఈనిన సంగతో చెప్పి వెళతారు. ఇదంతా ఎత్తుకుపోయి ఖమ్మంలో ఒక గదిలో పెడదామనుకున్నాం మేం. నేను కూడా అనుకున్నాను. నువ్వు రానన్నప్పుడు నా మీద నీకు ప్రేమ తక్కువని ఏడ్చాను కూడా. ఇప్పుడు అర్థమైంది.

అసలు రాయాలనుకున్నది ఇది. ఇందాక నువ్వు బయటకు వెళ్లగానే భీమక్క కొత్త చింతపండు గంప తెచ్చి నా ముందు దించింది. వాళ్ల గూడెం మొత్తానికి ఇదే మొదటి గంపట, అంతవరకు రాజు చెప్పాడు. నేను కాంటా మీద పెట్టించి, బరువు చూసి, మన సర్వరులో ఎక్కించి, చీటీ తీసి రెండు చేతులతో ఇచ్చాను. తప్పేమీ చెయ్యలేదు, కావాలంటే చూసుకో. ఆమె చీటీ తీసుకోలేదు. నా గడ్డం పట్టుకుని మీ భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. వెనక ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత భీమక్క చీటీ వైపు, బయట ఉన్న నీ వైపు చెయ్యి చూపించి, గంప పక్కనే చతికిలబడి కూర్చుంది, కదలడం లేదు. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు, నీ రాజు నవ్వుతాడే తప్ప చెప్పడు.

వ్యాను సంగతి ఎవరికైనా అప్పగించి జల్దీ రా. బరువు నీ నోట వినాలనేమో, అందరూ నీకోసమే చూస్తున్నారు.

సాహిత్య